వసంతపు పందెములు – కిశోర పరీక్ష

గుఱ్ఱమును చూచి దాని రాబోవు గుణమును నిర్ణయించుట మన పూర్వులకు వినోదము కాదు, శాస్త్రము. సంస్కృతమున శాలిహోత్రుని పేరను, నకులుని పేరను అశ్వశాస్త్రములు వెలసినవి. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును రచించెను. ఏ సుడి ఎచ్చట నున్న శుభము, ఏ వన్నె ఎవ్వరికి తగును, మెడమీది దేవమణి యేమి సూచించును అను విచారము ఆ శాస్త్రమున విస్తారముగా కలదు. అమరసింహుడు గుఱ్ఱపు నడకలను ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని యైదింటిగా విభజించి పేర్లు పెట్టినాడు. ఇంత విచారము పుట్టుటకు కారణము స్పష్టమే. రాజ్యము నిలుచుటయు కూలుటయు అశ్వబలముపై నాధారపడిన దినములవి. విజయనగర ప్రభువులు ఏటేట పదుమూడువేల హొర్ముజు గుఱ్ఱములను కొనుచుండిరని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. సాళువ నరసింహరాయలు ఓడలో చచ్చిన గుఱ్ఱమునకు సైతము తోక తెచ్చి చూపినచో వెల చెల్లించెడివాడని యాతడే చెప్పుచున్నాడు. తోకను చూచి గుణపరీక్ష చేయుట శాలిహోత్రునికిని సాధ్యము కాదు గదా! గుఱ్ఱముల కొఱత అంత తీవ్రముగా నుండెనని దాని భావము.

యుద్ధాశ్వము వేఱు, పందెపు గుఱ్ఱము వేఱు. యుద్ధాశ్వము నిలుకడగా నుండవలెను, చప్పుడునకు బెదరరాదు, బరువు మోయవలెను. పందెపు గుఱ్ఱము ఒక నిర్ణీత దినమున, నిర్ణీత దూరమును తన తోడి గుఱ్ఱములకంటె ముందుగా దాటిన చాలును. ప్రశ్న ఇంత చిన్నది గనుక సమాధానము తేలికయని తోచును. రెండు శతాబ్దములకు పైగా ఇంగ్లాండు దేశమున ధనికులును, పండితులును, మోసగాండ్రును కలసి ఈ చిన్న ప్రశ్నతోనే పెనగులాడుచున్నారు. ఆ కథ కొంత చెప్పవలెనని ఈ వ్యాసము.

ఆ దేశమున మూడేండ్ల గుఱ్ఱములకు ఐదు మహాపందెములు కలవు. వీనిలో 1776లో సెయింటు లెజరు, 1779లో ఓక్సు, 1780లో డెర్బీ మొదలైనవి. వసంతమున ముందుగా జరుగు రెండు పందెములు వానికంటె చిన్నవి: 1809లో రెండువేల గినీల పందెమును, 1814లో ఆడుగుఱ్ఱములకు మాత్రమే వేయి గినీల పందెమును న్యూమార్కెట్‌లో ఆరంభమైనవి. ఈ రెండింటి దూరము ఒక మైలు. ఆ బాటకు రౌలీ మైలని పేరు. రెండవ చార్లెసు రాజునకు ఆయన గుఱ్ఱము పేరుమీదుగా 'ముసలి రౌలీ' యను ముద్దుపేరుండెను. రాజు పేరు బాటకు దక్కినది.

వసంతారంభమున మూడేండ్ల కిశోరమును పందెమునకు దింపవలెనన్న, దాని శక్తిని అంతకు ముందేటి శరత్కాలముననే అంచనా కట్టవలెను. నడుమ చలికాలము వచ్చును. ఆ ఐదాఱు నెలలలో గుఱ్ఱపుపిల్ల పెరుగును. కొన్ని విశేషముగా పెరుగును, కొన్ని పెరుగవు. లాయపు గోడల వెనుక జరుగు ఈ మార్పును బయటివా రెవ్వరును చూడలేరు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. దీనికి తోడు ఆ దేశపు జాతిగుఱ్ఱములకెల్ల జన్మదినము జనవరి 1 అని నియమము. ఫిబ్రవరిలో పుట్టినదియు, మే నెలలో పుట్టినదియు లెక్కకు ఒకే యీడువి. రెండేండ్ల వయస్సున మూడు నెలల తేడా సామాన్యము కాదు.

ఈ వయోనిర్ణయమే ఒకప్పుడు గొప్ప మోసమునకు తావిచ్చినది. 1843 అక్టోబరులో రన్నింగ్ రెయిన్ అను కిశోరము న్యూమార్కెట్‌లో రెండేండ్ల గుఱ్ఱముల పందెమును గెలిచెను. రెండవదిగా వచ్చిన గుఱ్ఱపు యజమాని రట్లాండు ప్రభువు, ఇది రెండేండ్ల పిల్ల కాదని ఆక్షేపించెను. లాయపు పనివాని సాక్ష్యముతో ఆ ఆక్షేపణ వీగిపోయినది. 1844లో ఆ గుఱ్ఱమే డెర్బీలో ముందుగా వచ్చినది. అప్పుడు పట్టు వదలక శోధించినవాడు లార్డు జార్జి బెంటింక్. వేలూరు సిపాయిల తిరుగుబాటు నాటి మద్రాసు గవర్నరు విలియం బెంటింక్‌కు ఇతడు సోదరుని కుమారుడు. వ్యాజ్యము న్యాయస్థానమునకు వెళ్ళినది. న్యాయాధిపతి ఆల్డర్సన్ అడిగినది ఒక్కటే: గుఱ్ఱమును తెచ్చి చూపుడు. చూపినచో పండ్లు సత్యము చెప్పును. రెండున్నర యేండ్లకు నడిమి పాలపండ్లు రెండు ఊడి గట్టిపండ్లు వచ్చును. మూడున్నరకు వాని ప్రక్కనున్న జత మాఱును. కావున మే నెలలో మూడేండ్ల పిల్లకు ఒక జతయు, నాలుగేండ్లదానికి రెండు జతలును గట్టిపండ్లుండును. గుఱ్ఱము న్యాయస్థానమునకు రాలేదు. అది మెకాబియస్ అను నాలుగేండ్ల గుఱ్ఱమని తేలినది. డెర్బీ గౌరవము రెండవదిగా వచ్చిన ఓర్లాండోకు దక్కెను. దాని యజమాని కర్నల్ పీల్, నాటి ప్రధానమంత్రి రాబర్టు పీల్‌కు తమ్ముడు.

ఆ కాలమున గుఱ్ఱపు సత్తువను తెలిసికొనుటకు లాయములవారు రహస్యపరీక్షలు జరుపుచుండిరి. ఒక కిశోరమునకు ఇంత బరువు, దానితో పరుగెత్తు పెద్దగుఱ్ఱమునకు అంత బరువు అని జీనుక్రింద సీసము పెట్టి, తెల్లవాఱుజామున మైదానమున పరుగెత్తించెడివారు. ఏ గుఱ్ఱముపై ఎంత బరువున్నదో సాహిణి కొక్కనికే తెలియును; ఎక్కిన రౌతునకును తెలియదు. పొదలచాటున దుర్భిణీలతో పొంచియుండు వేగులవారు మాత్రము ఏది ముందు వచ్చినదో చూచి పరుగునపోయి పందెగాండ్రకు చెప్పి డబ్బు తీసికొనెడివారు. బరువు తెలియని పరుగును చూచి చెప్పిన జోస్యము ఎంతటిదో ఊహించుకొనవచ్చును.

ఈ గందరగోళమునకు ఒక క్రమము తెచ్చినవాడు అడ్మిరల్ రౌస్. నౌకాసేన విడిచి 1855 నుండి బరువులు నిర్ణయించు అధికారిగా పనిచేసి, ఏ నెలలో ఏ వయస్సు గుఱ్ఱమునకు ఎంత బరువు తగ్గించిన సమానమగునో పట్టిక వేసినాడు. ఆ పట్టికను తరువాతివారు సవరించిరే కాని త్రోసివేయలేదు. అతని మార్గముననే 'ఫ్రీ హ్యాండిక్యాపు' అను జాబితా వాడుకలోనికి వచ్చినది. పందెములు ముగిసిన తరువాత ఆ యేటి రెండేండ్ల గుఱ్ఱములనన్నిటిని ఒక వరుసలో పెట్టి, ఇవన్నియు కలసి పరుగెత్తినచో సమానముగా గమ్యము చేరుటకు దేనిపై ఎంత బరువుండవలెనో అధికారి వ్రాయును. అగ్రస్థానమున నున్నదానికి సాధారణముగా 9 స్టోనుల 7 పౌనులు. మైలు దూరమున ఒక గుఱ్ఱపు నిడివి తేడా దాదాపు రెండు పౌనులకు సమమని వాడుక. 1977 నుండి ఇంగ్లాండు, ఐర్లాండు, ఫ్రాన్సు అధికారులు కలసి ఇట్టి జాబితాను సిద్ధము చేయసాగిరి.

ఈ జాబితా గతమును కొలుచునే కాని భవిష్యత్తును చెప్పదు. చదువువారు మాత్రము భవిష్యత్తు కొఱకే చదువుదురు.

1947నాటి సంగతి చూతము. టుడార్ మిన్‌స్ట్రెల్ ఓటమి యెరుగని కిశోరము. రెండువేల గినీల పందెమున ఎనిమిది నిడివుల దూరమున గెలిచినది. తండ్రి ఓవెన్ టుడార్ 1941 డెర్బీ విజేత. ఇంక డెర్బీ దీనిదే యని దేశమంతయు నమ్మినది. మహారౌతు గార్డన్ రిచర్డ్సు జీనుపై నున్నాడు. మైలున్నర బాటపై నది కళ్ళెమునకు లోబడక పెనగి నాలుగవదిగా వచ్చినది. దానికి ముందు మూడవదిగా వచ్చినది బరోడా మహారాజా ప్రతాపసింహ గైక్వాడుగారి సయాజీరావు. ఈ గుఱ్ఱమును ఏడాదిపిల్లగా నుండగా ఆయన 28,000 గినీలకు కొనెను. గినీల పందెమునను మూడవదియే. దూరము పెరిగిన సెప్టెంబరులో, సెయింటు లెజరున, అది గెలిచినది. ఏప్రిలు నెల తీర్పు సెప్టెంబరున తలక్రిందైనది. మరుసటి యేట అదే మహారాజావారి మై బాబూ రెండువేల గినీల పందెమును తలమాత్రపు తేడాతో గెలిచెను గాని డెర్బీ గెలువలేదు. మైలును, మైలున్నరను ఒకే ప్రశ్నగా తలచుటయే పెక్కు అంచనాలను చెఱచినది.

శరీరలక్షణముల మాటయు ఒకింత చెప్పవలెను. 1933లో డెర్బీని, సెయింటు లెజరును గెలిచిన హైపీరియన్ పొట్టిగుఱ్ఱము. దాని నాలుగు కాళ్ళకును తెలుపుండెను. నాలుగు కాళ్ళ తెలుపు చెడ్డదని ఆ దేశపు పాతకాలపువారి నమ్మకము. మనవారైనచో ముఖమునను తెలుపు కలసినప్పుడు పంచకల్యాణి యని హారతి పట్టుదురు. ఒకే తెలుపు ఒకచోట శుభము, వేఱొకచోట అశుభము. గుఱ్ఱమున కీ సంగతి తెలియదు.

నా యెఱుకలో ఈ విద్యకు అసలైన పరీక్ష 1971 మే 1వ తేదీన జరిగినది. అంతకు ముందేటి ఫ్రీ హ్యాండిక్యాపులో మై స్వాలోకు 9 స్టోనుల 7 పౌనులు, మిల్ రీఫునకు 9-6, బ్రిగేడియర్ జెరార్డునకు 9-5 వ్రాయబడినవి. మూడింటి నడుమ తేడా రెండే పౌనులు. మై స్వాలో ఏడు పందెములాడి ఏడును గెలిచినది. వానిలో నాలుగు ఫ్రాన్సు దేశపు పెద్ద పందెములు. మిల్ రీఫు ఆఱింట ఒక్కసారియే ఓడినది, అదియు మై స్వాలో చేతనే, వెంట్రుకవాసి తేడాతో. బ్రిగేడియర్ జెరార్డు ఆడిన నాలుగును గెలిచినది. కాని దాని తండ్రి క్వీన్స్ హుస్సార్ అంత పేరుపడినది కాదు. దాని సంతానమునకు పెద్దగా గిరాకి లేదు. యజమాని జాన్ హిస్లప్ పత్రికారచయిత, కొద్ది గుఱ్ఱములను మాత్రమే పెంచువాడు. మిల్ రీఫు యజమాని పాల్ మెలన్ అమెరికా కోటీశ్వరుడు. హిస్లప్ దంపతులకు ఆ కిశోరమును అమ్ముమని పెద్ద వెలతో వర్తమానములు వచ్చినవి. చిన్న పెంపకందారునకు అట్టి వెల ఒక జీవితకాలపు నిశ్చింత. కాలు బెణికినను, దగ్గు పట్టినను మే నెలకు ఆ వెల ఆవిరియగును. వారు అమ్మలేదు.

అమ్మకపోవుటకు వారి కున్న ఆధారమేమి? తల్లి వంశము. ఆ తల్లి సంతతి ప్రెటీ పాలీ అను సుప్రసిద్ధమైన ఆడుగుఱ్ఱము వరకు పోవును. మఱియు గుఱ్ఱపు దేహనిర్మాణము: రెండేండ్లకే పూర్తిగా ఒదిగిన దేహము కాదది, పొడుగు, ఇంకను నిండవలసిన భుజములు. మిల్ రీఫు చిన్నదై, చక్కగా కుదిరి, అప్పటికే తీరినట్లుండెను. చలికాలపు పెరుగుదల ఎవరికెక్కువ మేలు చేయునో ఇందుండి యోచింపవచ్చును. సాహిణి డిక్ హెర్న్ కూడ దానిని తొందరపెట్టక, వసంతమున ముందు పందెమేదియు ఆడింపకయే నేరుగా గినీల పందెమునకు తెచ్చెను. తక్కిన రెండును అప్పటికే ఒక్కొక్క పందెమును గెలిచి వచ్చినవి. పందెగాండ్రు వానినే నమ్మిరి.

ఆఱు గుఱ్ఱములే పరుగెత్తినవి. మై స్వాలోయు, మిల్ రీఫును ఒకదాని నొకటి గమనించుచు ముందు నడచినవి. బాట పల్లమునకు దిగుచోట బ్రిగేడియర్ జెరార్డు, జో మెర్సర్ స్వారీలో, రెండింటిని దాటిపోయినది. మూడు నిడివుల వెనుక మిల్ రీఫు, మఱి ముప్పాతిక నిడివి వెనుక మై స్వాలో. జాబితాప్రకారము మిల్ రీఫుకంటె ఒక పౌను తక్కువైనది, మూడు నిడివులు, అనగా ఆఱు పౌనులు మీఱినది. చలికాలమున ఏడు పౌనుల మార్పు! అధికారి తప్పు వ్రాసెనా? లేదని నా యభిప్రాయము. అక్టోబరున అతడు చూచినది నిజమే. పౌను రెండు పౌనుల లోపల మూడు గుఱ్ఱములను నిలిపి, వానిలో మొదటి మూడు స్థానములు వచ్చునట్లు చెప్పుటకంటె మఱెవ్వరేమి చెప్పగలరు? వరుస మాత్రము తిరగబడినది.

తరువాత మిల్ రీఫు డెర్బీని, ఎక్లిప్సు పందెమును, కింగ్ జార్జి పందెమును, పారిసులో ఆర్క్ పందెమును వరుసగా గెలిచినది. గినీలలో దానిని ఓడించినది ఎంతటి గుఱ్ఱమో లోకమునకు అప్పుడే పూర్తిగా తెలిసినది. బ్రిగేడియర్ జెరార్డు డెర్బీకి పోలేదు; తండ్రి మైలు గుఱ్ఱమను వెఱపుండెను. 1972లో అది మైలున్నర దూరమున కింగ్ జార్జి పందెమును గెలిచి ఆ వెఱపు పూర్తిగా సరికాదని చూపినది. పదునెనిమిదింట పదునేడు గెలిచి, ఒక్కసారి యార్కులో రాబర్టో చేత ఓడినది. ఈ రెండు గుఱ్ఱములు మరల ఎన్నడును ఎదురుపడలేదు.

ఏడాదిపిల్లలను వేలమున కొనువారి సంగతి ఇంకను విచిత్రము. 1983లో అమెరికాలోని కీన్‌లాండు వేలమున స్నాఫీ డాన్సర్ అను పిల్ల కోటి రెండు లక్షల డాలర్లు పలికినది. అది ఒక్క పందెమునను పరుగెత్తలేదు. 1975లో 17,500 డాలర్లకు కొనబడిన సియాటిల్ స్లూ 1977లో ఆ దేశపు మూడు మహాపందెములను గెలిచినది. నార్తరన్ డాన్సర్ మే 27న పుట్టిన పొట్టిపిల్ల. కెనడాలో 25,000 డాలర్లకు కొనువారు లేక యజమాని యొద్దనే మిగిలి, 1964లో కెంటకీ డెర్బీ గెలిచినది.

1972 ఆగస్టులో మిల్ రీఫు సాధన చేయుచుండగా ముంగాలు విరిగినది. శస్త్రచికిత్సతో దానిని బ్రతికించిరి. సంతానము విషయమున దాని సాటి ఆ తరమున తక్కువ: దాని కొడుకులు షెర్లీ హైట్సు 1978లోను, రిఫరెన్సు పాయింటు 1987లోను డెర్బీ గెలిచినవి. బ్రిగేడియర్ జెరార్డు సంతానమున తండ్రితో సరితూగినది పుట్టలేదు. రెండవదిగా వచ్చిన గుఱ్ఱపు పేరే నేటి పందెపు గుఱ్ఱముల వంశవృక్షములలో ఎక్కువగా కనుపించుచున్నది.