ఊరికూటం నుంచి లేఅవుట్ దాకా: విళాత్తికుళం సీమలో ఇంటిస్థలం కథ

విళాత్తికుళం, కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టూ పరుచుకున్న నల్లరేగడి సీమలో ఇంటిస్థలం కొనుక్కునే సరుకుగా మారి ఎంతో కాలం కాలేదు. అంతకుముందు ఎవరు ఏ వీధిలో ఉండాలన్నది కులకూటమో, పాలెగాడో, ఆ తర్వాత జమీందారో తేల్చే సంగతి. డబ్బున్నంత మాత్రాన వీధి దొరికేది కాదు. ఆ వీధిలోనివాళ్లు ఒప్పుకోవాలి.

ఈ సీమను తమిళంలో కరిసల్ కాడు అంటారు. ఎండాకాలంలో నేల కాలు దిగబడేంత నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. పత్తికి ఇంతకంటే మంచి నేల లేదు. ఇంటికి ఇంతకంటే చెడ్డ నేల లేదు. పునాది పైపైన వేస్తే రెండు మూడేళ్లలోనే గోడ మూల నుంచి మూలకు బీట తీస్తుంది. అందుకే గట్టి నేల తగిలేదాకా తవ్వి, గుంటలో ఇసుకో గ్రావెలో నింపి, ఆపైన రాయి పేర్చేవారు. చాలా చోట్ల బావి నీళ్లు ఉప్పన. తాగునీటికి వాననీరు నిలిచే ఊరణే దిక్కు. మంచినీటి బావికో ఊరణికో దగ్గరగా, మెట్టనేల మీద ఉన్న స్థలమే ఊళ్లో మేలైన స్థలం. ఊరు కట్టినవాళ్లు దాన్ని తమకే ఉంచుకున్నారు.

ఆ కట్టినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. విజయనగర సేనల వెంట మొదలైన వలస, 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో కుదురుకున్నాక మరీ పెరిగింది. ఆయన మంత్రి అరియనాథ ముదలియార్ దేశాన్ని 72 పాళేలుగా, అంటే పాలెగాళ్ల ఏలుబడులుగా, పంచినట్టు చెబుతారు. తిరునెల్వేలి సీమలో పడమటి కొండల దాపున పాళేలు ఎక్కువగా మరవర్ కులస్తులకు దక్కగా, తూర్పున రేగడినేల మీది ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి, నాగలాపురం వంటివి తెలుగు నాయకుల చేతికి వచ్చాయి. వాళ్లతోపాటు కమ్మవారు, రెడ్లు సేద్యానికి దిగారు. అడవి నరికి, కాల్చి, ఊరు పెట్టిన ఆ తరాల కథను ఇడైసెవల్‌లో తెలుగు కమ్మవారింట పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశాడు. 1976లో వచ్చిన ఆ పుస్తకానికి కొనసాగింపైన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. ఇంట్లో తెలుగు, దస్తావేజులో తమిళం అన్న పద్ధతి ఈ సీమలో ఇప్పటికీ ఉంది.

పాలెగాళ్ల కులమైన రాజకంబళత్తు నాయకుల కూటానికి ఒక కట్టు ఉండేది. నేల మీద కంబళి పరిచి, దాని మీద నీళ్లు నింపిన ఇత్తడి కలశం పెట్టి, అందులో వేపాకులు వేసి, పూలతో అలంకరించేవారు. దక్షిణ భారత కులాల మీద 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథం ఈ కులానికి ఆ పేరు రావడానికి ఈ కంబళే కారణమని చెబుతుంది. కలశం పెట్టాక మాట్లాడే మాట మామూలు మాట కాదు, ప్రమాణంతో సమానం. కొలతలూ సర్వే నంబర్లూ లేని రోజుల్లో హద్దు తగవుకు నోటిసాక్ష్యమే ఆధారం కాబట్టి ఆ కట్టుబాటుకు అంత బరువు. అయితే దాని ముందు నోరు విప్పే హక్కు కులం మగవాళ్లదే. ఆడవాళ్లకూ, ఊరిబయట కాపురముండి చెప్పులు కుట్టి, మోట తోలి, పొలం పని చేసిన అరుంధతీయర్లకూ ఆ కూటంలో చోటు లేదు. ఈ అరుంధతీయర్లలోనూ చాలామంది ఇంటిభాష తెలుగే. భాష ఒకటైనా వీధి ఒకటి కాలేదు.

పాళేల కాలం ముగిసిన తీరులో స్థలం మీద కక్ష కూడా కనిపిస్తుంది. 1799 అక్టోబర్ 16న కయత్తార్‌లో పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండియ కట్టబొమ్మన్‌ను ఈస్టిండియా కంపెనీ ఉరితీశాక, 1801లో అతని తమ్ముడు ఊమైదురై అక్కడి మట్టికోటను మళ్లీ లేపాడు. మే నెలలో కోట పడిపోయింది. కంపెనీ దాన్ని నేలమట్టం చేసి, లెక్కల పుస్తకాల్లోంచి ఊరి పేరే కొట్టేయించింది. ఇప్పుడు అక్కడ కనిపించే కోట 1974లో ప్రభుత్వం కట్టించిన స్మారకం. కంపెనీ పక్షాన నిలిచిన ఎట్టయపురానికి ఆ భూముల్లో వాటా దక్కింది. 1802 నాటి రెగ్యులేషన్ కింద శాశ్వత శిస్తు నిర్ణయంతో పాలెగాడు జమీందారయ్యాడు. కప్పం కట్టే సామంతుడి స్థానంలో భూమిమీద సన్నదు ఉన్న యజమాని వచ్చాడు. ఈ మార్పు వీధుల దాకా పాకింది.

అది ఎంతదాకా పోయిందో కళుగుమలై చెబుతుంది. కళుగుమలై ఎట్టయపురం జమీనులోని గుడి ఊరు. గుడి చుట్టూ ఉన్న రథవీధుల్లో ఊరేగింపుగా పోయే హక్కు తమకూ ఉందని నాడార్ కులస్తులు అడిగారు. ఆ వీధులు దారులు కావు, గుడి ఆస్తి అని జమీను వాదించి కోర్టులో నెగ్గింది. దాంతో నాడార్లలో కొందరు కతోలిక మతం పుచ్చుకున్నారు. రథవీధిలోని ఒక ఇల్లు ప్రార్థనామందిరమైంది. 1895 పంగుని ఉత్సవంలో రథం దాని దాకా వచ్చేసరికి గొడవ రేగింది. జమీను మేనేజరుతో సహా పలువురు చనిపోయారు. వీధిలో ఇల్లు కొనడానికి అడ్డు లేకపోయినా ఆ వీధిలో ఊరేగడానికి అడ్డు ఉండటం, ఈ సీమ స్థల చరిత్రలో అన్నిటికంటే చేదైన సంగతి. నాలుగేళ్లకు, 1899లో, శివకాశిలో నాడార్ల ఇళ్లను దోచి తగలబెట్టారు.

అప్పటికే నాడార్లు మరో దారి చూసుకున్నారు. విరుదునగర్, శివకాశి, సాత్తూర్, అరుప్పుకోట, పాలయంపట్టి, తిరుమంగలం ఊళ్లలో బండ్లు విప్పుకుని, ఎడ్లను కట్టేసి, సరుకు దించుకోవడానికి గోడ కట్టిన ఆవరణలు వేసుకున్నారు. వాటినే పేట్టై అనేవారు. దొంగల భయమున్న దారుల్లో వ్యాపారికి అవి కోటలు. జరిగిన ప్రతి బేరం మీదా ఇంతని మహిమై పేరుతో వసూలు చేసేవారు. ఆ సొమ్ముతో పేట్టైని నడిపి, బావులు తవ్వించి, గుళ్లూ బళ్లూ కట్టించారు. పెత్తనం ఉరవిన్‌ముఱై అనే కులసంఘానిది. ముఱైకారర్లు వంతుల వారీగా లెక్కలు చూసేవారు. కట్టు తప్పినవాడికి జరిమానా, తలబిరుసుగా ఉంటే వెలి. ఒకరి సొంత కొట్టు కానిది, సర్కారు సంత కూడా కానిది, ఉమ్మడి వాణిజ్య స్థలం అక్కడ పుట్టింది.

విరుదునగర్‌లో దాని ఫలం కళ్లెదుట కనిపిస్తుంది. 1889లో సంఘం పెట్టిన క్షత్రియ విద్యాశాలకు ఇంటింటి నుంచి పిడికెడు బియ్యం తీసేవారు. 1903 జూలై 15న అదే ఊళ్లో పుట్టిన కాంగ్రెస్ నాయకుడు కామరాజ్ చదివింది ఆ బడిలోనే. అప్పట్లో ఊరి పేరు విరుదుపట్టి. 1923లో విరుదునగర్ అయింది. నూనె, పప్పులు, మిరప, ధనియాల ధర తేల్చే బజారుగా దానికి పేరొచ్చాక బజారు చుట్టూ స్థలం విలువ కూడా అదే లెక్కన పెరిగింది. ఉరవిన్‌ముఱైని పొగిడేవాళ్లు ఒకటి మరచిపోతారు: బయటి దెబ్బ నుంచి కాపాడిన గోడే లోపలివాళ్ల మీద పెత్తనం కూడా చేసింది.

కోవిల్‌పట్టి ఎదిగిన దారి వేరు. 1876లో మదురై నుంచి తూత్తుకుడి రేవుకు రైలు వేయడంతో పత్తి బేళ్లు స్టేషను చుట్టూ చేరాయి. 19వ శతాబ్దం చివరి దశకంలో నూలుమిల్లు, 1901లో వ్యవసాయ పరిశోధనా కేంద్రం వచ్చాయి. 1910లో కోయంబత్తూరులో కుప్పుస్వామి నాయుడు మొదలుపెట్టిన లక్ష్మీమిల్లు తర్వాత ఇక్కడా ఒక శాఖ పెట్టింది. 1923 నుంచి శివకాశిలో వేళ్లూనిన అగ్గిపెట్టెల పని కోవిల్‌పట్టికీ పాకింది. మిల్లు గేటు, అగ్గిపెట్టెల షెడ్డు దగ్గర అద్దె ఇళ్ల వరసలు లేచాయి. కులం అడగకుండా బాడుగ అడిగే వీధులు ఇక్కడ మొదలైనవి అలాంటి చోట్లే. పూర్తిగా అడగలేదని మాత్రం కాదు.

విళాత్తికుళం రైలుకు దూరంగా, వైప్పారు ఏటి దాపున ఉండిపోయింది. మిరప, పత్తి, సీమతుమ్మ బొగ్గుతో సాగిన చిన్న ఊరు. అక్కడ స్థలం ధర పట్నం లెక్కన ఎదగలేదు.

1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీన్లను తీసేసింది. రైతు పేర పట్టా వచ్చింది. ఊరికూటం తేల్చిన హద్దులు సర్వే నంబర్లయ్యాయి, నోటిమాట చిట్టా అడంగల్ అయింది. కాగితం లేనివాడికి ఇది మేలు చేయలేదు. తరాలుగా ఊరి పొరంబోకులో గుడిసె వేసుకున్న కుటుంబాలు, వాళ్లలో అరుంధతీయర్లు ఎక్కువ, ఇంటిస్థలం పట్టా కోసం తాలూకాఫీసు చుట్టూ ఏళ్లకేళ్లు తిరగాల్సి వచ్చింది. పట్టా వచ్చినా ఆ కాలనీ చాలాసార్లు పాత ఊరికి ఆవలే పడింది.

జాతీయ రహదారులు వెడల్పయ్యాక మధ్యవర్తుల కాలం వచ్చింది. మదురై–తూత్తుకుడి బాట ఎట్టయపురం మీదుగా, కన్యాకుమారి బాట కోవిల్‌పట్టి మీదుగా పోతాయి. వాటి పక్కన పత్తిచేను దున్నడం ఆగిపోతుంది. సున్నం పూసిన హద్దురాళ్లు వరుసగా పాతుతారు. నల్లమట్టి మీద ఎర్రమట్టి పరిచి దారి అంటారు. చేను ఎకరాల్లో కొని స్థలం సెంట్లలో అమ్ముతారు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. లేఅవుట్ అనుమతి లేకుండానే అమ్మిన స్థలాలు తమిళనాడు అంతటా లెక్కకు మించాయి. 2016 సెప్టెంబర్ 9న మద్రాసు హైకోర్టు అలాంటి ప్లాట్ల రిజిస్ట్రేషన్‌ను నిలిపేసింది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో పని ఉన్నట్టుండి ఆగింది. 2017లో ప్రభుత్వం క్రమబద్ధీకరణ నియమాలు తెచ్చి, 2016 అక్టోబర్ 20లోపు రిజిస్టరైన ప్లాట్లకు రుసుము కట్టించుకుని దారి ఇచ్చింది. అదే ఏడాది స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా పని మొదలుపెట్టింది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలాన్ని ప్లాట్లు వేసి అమ్మాలంటే అక్కడ నమోదు చేయాలి.

అనుమతి ఉన్న పెద్ద లేఅవుట్‌లో పదిశాతం నేలను పార్కు కోసం విడిచి, దానపత్రంతో పంచాయతీకో మునిసిపాలిటీకో రాసివ్వాలి. ఇళ్లు నాలుగు లేచాక కాపురస్తుల సంక్షేమ సంఘం పెట్టుకుంటారు. వీధిదీపం, మురుగుకాలువ, నీటి కనెక్షన్ దాని పనులు. కంబళి కూటానికీ ఉరవిన్‌ముఱైకీ ఉన్న వెలివేసే అధికారం దీనికి లేదు. పక్క స్థలం ఎవరు కొనాలన్నది చెప్పే హక్కూ లేదు. పార్కు నేలను ఎవరైనా ఆక్రమిస్తే మాత్రం కలెక్టరాఫీసులో సోమవారం జరిగే ప్రజావిన్నపాల రోజున అర్జీ పెట్టుకోవచ్చు.