చిల్లర లోహ వస్తువుల గుర్తింపు (దిగువ కృష్ణా డెల్టా)

చిల్లర లోహ వస్తువుల గుర్తింపు: నేలలో దొరికిన నాణెం, గుండీ, పూస వంటి వాటి లోహాన్ని, కాలాన్ని నిర్ణయించే పద్ధతి. ఈ డెల్టాలోని పామర్రు పరిసరాల్లో దీనికి ప్రాధాన్యం రెండు రేవుల వల్ల వచ్చింది: ప్రాచీన ఘంటసాల, ఐరోపా వర్తక కంపెనీల కాలపు మచిలీపట్నం.

ఘంటసాల కాలానికి గుర్తు శాతవాహనుల సీసపు నాణెం. చిన్నదైనా చేతికి బరువు. పైన తెల్లని బూడిద పొర. ఒకవైపు ఏనుగు, సింహం లేదా తెరచాప ఓడ, మరోవైపు నాలుగు వలయాల ఉజ్జయిని చిహ్నం ఉంటాయి. అరిగినప్పుడు ఆ వలయాల్లో ఒక్కటి మిగిలినా గుర్తింపుకు సాయపడుతుంది.

ఇక కంపెనీల కాలానికి గుర్తు రాగి నాణెం. ఉత్తర సర్కారుల కోసం ఇంగ్లండులోని సోహో టంకశాలలో ముద్రించిన రాగి నాణేలపై 1794, 1797 సంవత్సరాలు, హృదయాకారపు ఈస్టిండియా కంపెనీ ముద్ర కనిపిస్తాయి. వీటి విలువ రూపాయిలో 48వ, 96వ వంతు. పచ్చని చిలుము రాగికీ, ఇత్తడికీ పడుతుంది కాబట్టి రంగు ఒక్కటే ఆధారం కాదు. పైకి బంగారంలా కనిపించే చిలకలపూడి రోల్డుగోల్డు నగల్లోనూ పూత అరిగిన అంచున లోపలి లోహం బయటపడుతుంది.

చింతపండుతో తోమితే చిలుముతోపాటు అక్షరాలూ పోతాయి. 1878 నిధి చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి.