పరుల పక్షాన పలుకు: నమూనా సమితి మర్యాదలు, మలేసియా చరిత్ర

నమూనా ఐక్యరాజ్య సమితి సభలో మొదటిసారి పాల్గొనే విద్యార్థికి ముందుగా నేర్పే నియమం ఒకటుంది: 'నేను' అనకూడదు. తనకు కేటాయించిన దేశం పేరుతోనే మాట్లాడాలి. 'నాకిది నచ్చలేదు' అనకుండా 'ఇండొనేసియా ఈ ప్రతిపాదనను అంగీకరించడం లేదు' అనాలి. ఆ విద్యార్థి కౌలాలంపూరులో పుట్టి పెరిగిన తెలుగు అమ్మాయి అయినా సరే. పిల్లలు ఈ సభలకు తయారవడం చూసే తల్లిదండ్రులకు ఇదంతా కోటు తొడుక్కుని ఆడే నాటకంగానో, కళాశాల ప్రవేశానికి పనికొచ్చే మరో ధ్రువపత్రంగానో కనబడవచ్చు. కాని ఈ మర్యాదలు ఊరికే పుట్టినవి కావు. వాటిని పాటిస్తే ఏం దక్కుతుందో, విడిస్తే ఏం పోతుందో తెలుసుకోవడానికి మలేసియా ఏర్పడిన తొలి మూడేళ్ళ చరిత్ర చక్కని పాఠం. ఆ పాఠాన్నీ, మొదటిసారి పాల్గొనేవారికి అది సూచించే సన్నాహాన్నీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నమూనా సభల పుట్టుక

ఐక్యరాజ్య సమితి కన్నా దాని నమూనాలకే వయసు ఎక్కువ. 1920లలోనే అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థులు నానాజాతి సమితిని అనుకరిస్తూ సభలు జరిపారు. అమెరికా ఆ సమితిలో ఎన్నడూ సభ్యదేశం కాదు. అంటే ఆ విద్యార్థులు తమ ప్రభుత్వం చేరడానికి నిరాకరించిన సభలో, ఇతర దేశాల స్థానాల్లో కూర్చుని, ఆ దేశాల వాదాలను వినిపించారు. పరాయి పక్షాన నిలబడి ఆలోచించడమన్నది ఈ ప్రక్రియ తొలినాళ్ళ నుంచీ ఉన్న లక్షణం. 1945 తర్వాత సమితి మారింది, నమూనా పేరూ మారింది. హార్వర్డ్ విద్యార్థుల జాతీయ సభ 1955లోను, పాఠశాల విద్యార్థుల కోసం ద హేగ్ నగరంలో జరిగే సభ 1968లోను మొదలయ్యాయి.

ఈ సభల నియమాలకు రెండు మూలాలున్నాయి. మొదటిది ఐక్యరాజ్య సమితి సొంత కార్యవిధానం. రెండవది, హెన్రీ రాబర్ట్ అనే సైనికాధికారి 1876లో క్రోడీకరించిన అమెరికన్ సభానియమాల సంప్రదాయం. మోడరేటెడ్ కాకస్ వంటి మాటలు అసలు సర్వప్రతినిధి సభ నియమావళిలో కనిపించవు. నిజమైన సర్వప్రతినిధి సభ తన తీర్మానాల్లో అధికభాగాన్ని ఓటింగు లేకుండా ఏకాభిప్రాయంతో ఆమోదిస్తుంది. విద్యార్థుల సభల్లో మాత్రం గెలుపు ఓటమి తరచు ఓట్లతోనే తేలుతుంది. అందుచేత ఏ సభకు వెళ్తున్నామో ఆ సభ నియమావళిని ముందుగా చదవడం మొదటి పని.

తొందరపాటుకు మూల్యం

మలయా 1957 ఆగస్టు 31న స్వతంత్రమైంది. సెప్టెంబరు 17న ఐక్యరాజ్య సమితిలో 82వ సభ్యదేశంగా చేరింది. తర్వాత మలయా, సింగపూరు, బోర్నియో ద్వీపంలోని సబా, సరవాక్‌లు కలిసి మలేసియాగా ఏర్పడాలన్న ప్రతిపాదన వచ్చింది. దీనిని నవవలసవాద పన్నాగమని ఇండొనేసియా అధ్యక్షుడు సుకర్ణో వ్యతిరేకించాడు; సబా తమదని ఫిలిప్పీన్స్ వాదించింది. 1963లో మనీలాలో మూడు దేశాల నాయకులు సమావేశమై, సబా, సరవాక్ ప్రజల అభీష్టాన్ని నిర్ధారించమని ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి ఊ థాంట్‌ను కోరడానికి అంగీకరించారు. లారెన్స్ మిషెల్‌మోర్ నాయకత్వంలో ఒక బృందం అక్కడికి వెళ్ళింది.

ఆ బృందం ఇంకా పనిలో ఉండగానే, సెప్టెంబరు 16న మలేసియా ఏర్పడుతుందని కౌలాలంపూరు ప్రకటించేసింది. ప్రజల్లో అధికసంఖ్యాకులు మలేసియాను కోరుతున్నారని తేల్చిన ఊ థాంట్, తన నిర్ణయం వెలువడక ముందే తేదీని ప్రకటించడం అపార్థాలకూ ఆగ్రహానికీ తావిచ్చిందని, అది నివారించదగినదేనని కూడా స్పష్టంగా రాశాడు. తీర్పు మలేసియాకు అనుకూలమే. కాని ఆ తీర్పును తిరస్కరించదలచిన వారి చేతికి, అది ముందే రాసిపెట్టిన ఫలితమని అనడానికి ఒక సాకు దొరికింది. కొద్దిరోజుల్లోనే జకార్తాలో బ్రిటిష్ దౌత్య కార్యాలయం తగలబడింది. ఘర్షణకు ఈ తేదీ ఒక్కటే కారణమని అనలేం, దానికి లోతైన మూలాలున్నాయి. అయితే ఎదుటివాడు వినబడకముందే ఫలితం ప్రకటించడం ఎంత చేటో ఇక్కడ తెలుస్తుంది. నమూనా సభలో చర్చ మొదలుకాకముందే ఇంటి దగ్గర రాసిపెట్టుకున్న తీర్మానాన్ని తీసుకురావడాన్ని చాలాచోట్ల నిషేధించడం వెనుక ఉన్న ఔచిత్యం ఇదే.

భద్రతా మండలిలో మలేసియా

1964 సెప్టెంబరు మొదట్లో ఇండొనేసియా పారాట్రూపర్లు జొహోర్ రాష్ట్రంలోని లాబిస్ ప్రాంతంలో దిగారు. మలేసియా భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. దేశీయాంగ మంత్రి డాక్టర్ ఇస్మాయిల్ స్వయంగా న్యూయార్కు వెళ్ళి వాదించారు. పట్టుబడిన ఆయుధాలను సభామందిరంలో ప్రదర్శించారు. ఇండొనేసియా ప్రతినిధి సుజార్వో తమ స్వచ్ఛంద దళాలు సబా, సరవాక్‌లలోకి ప్రవేశించిన మాటను కాదనలేదు. అసలు మలేసియా అనే దేశానికే చట్టబద్ధత లేదన్న వాదాన్ని నిలబెట్టడానికి ప్రయత్నించాడు. ఒక పక్షం సంఘటనలను రుజువు చేస్తోంది, మరో పక్షం ఆ సంఘటనలకు అర్థమే వేరంటోంది. ఇండొనేసియా స్థానం దక్కిన విద్యార్థి తెలుసుకోవలసిన సంగతి ఇది: తన దేశం నిజంగా ఏమని వాదించిందో, ఏ కారణంతో వాదించిందో చదవకుండా ఊహించి మాట్లాడితే ఆ దేశం హాస్యపాత్ర అవుతుంది.

ఇండొనేసియా చర్య పట్ల విచారం వెలిబుచ్చుతూ నార్వే ప్రతిపాదించిన తీర్మానానికి 11 మంది సభ్యుల మండలిలో 9 ఓట్లు వచ్చాయి. సోవియట్ యూనియన్, చెకొస్లొవాకియా వ్యతిరేకించాయి. సోవియట్ వీటోతో తీర్మానం వీగిపోయింది. చట్టరీత్యా మలేసియాకు దక్కింది శూన్యం. కాని ఆ తొమ్మిదిలో మొరాకో, ఐవరీ కోస్ట్ ఉన్నాయి. సామ్రాజ్యవాదుల సృష్టి అని నింద మోస్తున్న దేశానికి ఆఫ్రికా దేశాల ఓట్లు ఎంత విలువైనవో వేరే చెప్పనక్కరలేదు. తీర్మానం ఓడినా వాదం నిలబడవచ్చు. పతకాల కోసం పరుగెత్తే మొదటిసారి ప్రతినిధికి ఇది గుర్తుంటే మంచిది.

1965లో మలేసియా భద్రతా మండలిలో తాత్కాలిక సభ్యదేశమైంది. దానికి నిరసనగా ఇండొనేసియా ఐక్యరాజ్య సమితినే వదిలి వెళ్ళింది. కుర్చీ ఖాళీ చేసినవాడికి పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేవనెత్తే వీలు లేదు, జవాబు చెప్పే హక్కూ లేదు. జకార్తాలో అధికారం చేతులు మారాక, 1966 సెప్టెంబరులో ఇండొనేసియా తిరిగి వచ్చింది. అంతకు ముందే, ఆగస్టు 11న, అబ్దుల్ రజాక్, ఆదం మాలిక్‌లు ఘర్షణకు ముగింపు పలికే ఒప్పందంపై సంతకాలు చేశారు. మరుసటి ఏడు ఆగస్టు 8న ఆ ఇద్దరూ థాయిలాండ్, ఫిలిప్పీన్స్, సింగపూరు ప్రతినిధులతో కలిసి బ్యాంకాక్‌లో ఆసియాన్‌ను స్థాపించారు. ఆ ఒప్పందానికి ముందు చర్చలు బాంగ్ సేన్ సముద్రతీరంలో, గోల్ఫ్ ఆటల నడుమ, కోట్లు లేకుండా సాగాయి.

ఆసియాన్ నిర్ణయాలకు సంప్రదింపు, ఏకాభిప్రాయం పునాదులని 2007లో ఆమోదించిన దాని అధికారపత్రం చెబుతుంది. మలయ్, ఇండొనేసియా భాషల్లో వీటిని ముష్యావరా, ముఫాకత్ అంటారు. మొదటిది అరబ్బీ మాట. మన హైదరాబాదు ఉర్దూలోని 'మష్వరా'కు తోబుట్టువు.

సన్నాహం, సభామర్యాద

ఈ చరిత్ర నుంచి మొదటిసారి ప్రతినిధి తీసుకోవలసిన సన్నాహం ఏమిటి? కేటాయించిన దేశం గురించి మూడు విషయాలు తెలియాలి: చర్చనీయాంశంపై అది గతంలో ఎటు ఓటు వేసింది, దాని పొరుగువారితో తగాదాలేమిటి, ఏ విషయంలో అది రాజీ పడగలదు. వీటిని ఒక పుటలో రాసుకుంటే అదే స్థితిపత్రం అవుతుంది. తొలి ప్రసంగానికి సాధారణంగా నిమిషమో నిమిషంన్నరో ఇస్తారు. 1957లో కాశ్మీరు చర్చలో వి.కె. కృష్ణమీనన్ భద్రతా మండలిలో దాదాపు ఎనిమిది గంటలు మాట్లాడాడు. ఆ వెసులుబాటు విద్యార్థికి లేదు. గడియారం ముందు పెట్టుకుని, బిగ్గరగా, కనీసం నాలుగైదుసార్లు చదివి చూసుకోవాలి.

సభలో అధ్యక్షస్థానం అనుమతి లేకుండా మాట్లాడకూడదు. పాయింట్ ఆఫ్ ఆర్డర్ కార్యవిధానంలో పొరపాటును ఎత్తిచూపడానికే. దాని పేరుతో అసలు విషయంపై వాదించడాన్ని సర్వప్రతినిధి సభ నియమావళి కూడా అనుమతించదు. ఎదుటి దేశం విధానాన్ని ఎంత కఠినంగానైనా విమర్శించవచ్చు, ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని మాత్రం కాదు. 'నేను'ను పక్కన పెట్టమనే నియమం ఇక్కడే అక్కరకొస్తుంది: విమర్శ తగిలేది దేశానికి, విరామంలో కలిసి టీ తాగేది ఇద్దరు విద్యార్థులు.

మలేసియాలో జరిగే సభలకు వెళ్ళేవారు మరికొన్ని గమనించాలి. చూపుడువేలితో మనుషులను చూపడం అక్కడ అమర్యాద. వేళ్ళు మడిచి బొటనవేలితో చూపుతారు. టున్, టాన్ శ్రీ, డాటో వంటి బిరుదులను పేరుకు ముందు విడవకుండా పలకాలి. అందరూ చేయి కలపడానికి ఇష్టపడరు. ఎదుటివారు గుండె మీద చేయి పెట్టుకుంటే మనమూ అలాగే పలకరించాలి.

రాయబారి ధర్మం

తెలుగువారికి ఇది కొత్త విద్య కాదు. ఉద్యోగపర్వంలో సంజయుడూ శ్రీకృష్ణుడూ పంపినవారి మాటను మోసుకెళ్ళిన దూతలు. తిరుపతి వేంకట కవుల నాటకాల పుణ్యమా అని రాయబార ఘట్టం పల్లెపల్లెకూ తెలుసు. సంజయుడు తనకు నచ్చని సందేశాన్ని కూడా దూతగా వినిపించి, తిరిగివచ్చి ధృతరాష్ట్రుడికి తన సొంత మాటగా హితవు చెప్పాడు. దూత మాట వేరు, సొంత మాట వేరు అన్న తెలివిడి అతనిది.

మలేసియా తెలుగువారికి ఈ విషయంలో మరో అనుభవం ఉంది. పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో వంటి చోట్ల తోటల్లో పనికి వెళ్ళిన కూలీల సంతతి వారు. భారతీయులన్న మైనారిటీలో తాము మరింత చిన్న మైనారిటీ. తమ తరఫున ఎప్పుడూ మరొకరే మాట్లాడే పరిస్థితిలో, 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు; అదే తర్వాత మలేసియా తెలుగు సంఘమైంది. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూరులోనే జరిగాయి. ఇంకొకరి పక్షాన మాట్లాడేటప్పుడు ఎంత జాగ్రత్త అవసరమో, మాట్లాడించుకోవలసి వచ్చినవారికే బాగా తెలుస్తుంది. వారి పిల్లలు రేపు ఏ దేశం పేరుపలక ముందు కూర్చున్నా, సభకు ముందురోజు రాత్రి ప్రసంగంతోపాటు ఆ దేశ ప్రజల గురించి కూడా ఒక గంట చదవాలని ఇంట్లో పెద్దలు చెప్పగలిగితే చాలు.