నూనెగింజల పంటలకు నత్రజని, గంధక పోషణ

వేరుశనగ, నువ్వు వంటి నూనెగింజల పంటల దిగుబడిని, గింజలోని నూనె శాతాన్ని నత్రజని, గంధకం కలిసి నిర్ణయిస్తాయి. టన్ను ధాన్యం పండడానికి తృణధాన్యాలు సుమారు 3–4 కిలోల గంధకం తీసుకుంటే, టన్ను గింజకు నూనెగింజల పంటలు సుమారు 12 కిలోలు తీసుకుంటాయి. అందుకే ఈ పంటల్లో నత్రజని, భాస్వరం, పొటాష్‌ల తర్వాత నాలుగో ముఖ్య పోషకంగా గంధకాన్ని లెక్కిస్తారు.

మొక్కలో పాత్ర

మాంసకృత్తులన్నిటికీ నత్రజని మూలం. వాటిలోని సిస్టీన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలకు గంధకం కూడా కావాలి. కొవ్వు ఆమ్లాల తయారీకి అవసరమైన కోఎంజైమ్‌-ఎ లోనూ గంధకం ఉంటుంది. గంధకం చాలకపోతే మొక్క పీల్చుకున్న నత్రజని మాంసకృత్తులుగా మారకుండా ఆకుల్లోనే నిలిచిపోతుంది. ఆ స్థితిలో యూరియా ఎంత వేసినా ఫలితం ఉండదు. నత్రజని మోతాదు మించితే పైరు ఏపుగా పెరుగుతుంది కానీ గింజలో మాంసకృత్తులు పెరిగి నూనె శాతం తగ్గుతుంది. వేరుశనగ వేరు బుడిపెల్లో గాలిలోని నత్రజనిని స్థిరీకరించే నైట్రోజినేజ్ ఎంజైములో ఇనుముతో పాటు గంధకం కూడా ఉంటుంది. కాబట్టి గంధకం లోపిస్తే ఈ పంటకు సొంతంగా సమకూరే నత్రజని కూడా తగ్గుతుంది.

ఉత్తరాంధ్ర నేలలు

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి పరిసరాల్లోనూ, విజయనగరం జిల్లాలోనూ మెట్ట భూముల్లో ఎర్ర నేలలు విస్తారంగా ఉన్నాయి. ఇసుక పాలు ఎక్కువగా, సేంద్రియ పదార్థం తక్కువగా ఉన్న చోట నైట్రేట్ రూపంలోని నత్రజని, సల్ఫేట్ రూపంలోని గంధకం రెండూ నేలలో నిలవవు. నైరుతి రుతుపవనాల వానలకు, బంగాళాఖాతం తుఫానులకు అవి వేర్లకు అందని లోతుకు దిగిపోతాయి. ఎరువుల వాడకంలో వచ్చిన మార్పు కూడా లోపాన్ని పెంచింది. గంధకం ఉన్న అమ్మోనియం సల్ఫేట్, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ స్థానాన్ని గంధకం లేని యూరియా, డీఏపీ ఆక్రమించాయి. పశువుల గెత్తం వేయడం తగ్గడంతో నేలకు మెల్లగా అందే గంధకం కూడా తగ్గింది.

ఎరువులు

సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో 16 శాతం భాస్వరం, సుమారు 11 శాతం గంధకం ఉంటాయి. అమ్మోనియం సల్ఫేట్‌లో సుమారు 21 శాతం నత్రజని, 24 శాతం గంధకం. 20-20-0-13 కాంప్లెక్స్ ఎరువులో 13 శాతం గంధకం ఉంటుంది. శుద్ధమైన జిప్సంలో గంధకం 18 శాతానికి పైగా, కాల్షియం 23 శాతం ఉంటాయి. మూలక గంధకాన్ని నేలలోని బ్యాక్టీరియా సల్ఫేట్‌గా మార్చాకే మొక్క తీసుకోగలదు కనుక దాన్ని విత్తడానికి కొన్ని వారాల ముందే వేయాలి. మూలక గంధకం, అమ్మోనియం సల్ఫేట్ నేల ఆమ్లతను పెంచుతాయి. ఇప్పటికే ఆమ్లత ఉన్న ఎర్ర నేలలకు జిప్సం మేలు.

వేరుశనగ

వర్షాధార పైరుకు ఎకరాకు 8 కిలోల నత్రజని, 16 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్ సిఫారసు. భాస్వరాన్ని 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలో ఇస్తే 11 కిలోల గంధకం అదనపు ఖర్చు లేకుండా అందుతుంది. అదే భాస్వరం 35 కిలోల డీఏపీతో ఇస్తే గంధకం ఏమీ అందదు. తొలి పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల దగ్గర చాళ్లలో వేసి మట్టి ఎగదోయాలి. ఊడలు, కాయలు నేలలోని కాల్షియాన్ని నేరుగా పీల్చుకుంటాయి. అది చాలకపోతే గింజ కట్టక తాలు కాయలు ఏర్పడతాయి. ఊడలు దిగాక అంతరకృషి చేస్తే అవి తెగిపోతాయి కాబట్టి జిప్సం వేసి మట్టి ఎగదోసే పని ముందే ముగించాలి.

నువ్వు

గౌతమ, శారద వంటి నువ్వు రకాలు యలమంచిలి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చాయి. ఈ పంటకు ఎకరాకు 16 కిలోల నత్రజని, 8 కిలోల భాస్వరం, 8 కిలోల పొటాష్ కావాలి. ఆఖరి దుక్కిలో 40 కిలోల 20-20-0-13 వేస్తే సగం నత్రజని, మొత్తం భాస్వరం, 5 కిలోల గంధకం ఒకేసారి అందుతాయి. మిగిలిన సగం నత్రజనిని విత్తిన 30 రోజులకు, కలుపు తీశాక, నేలలో తేమ ఉన్నప్పుడు సుమారు 17 కిలోల యూరియాగా వేయాలి.

లోప నిర్ధారణ

నత్రజని లోపిస్తే ముదురు ఆకులు ముందు పసుపు రంగుకు మారతాయి. గంధకం మొక్కలో సులభంగా కదలదు కాబట్టి, అది లోపిస్తే లేత ఆకులు ముందు పాలిపోతాయి. ఈ తేడా తెలియక గంధక లోపానికి యూరియా వేస్తే లోపం మరింత ముదురుతుంది. భూసార పరీక్షలో లభ్య గంధకం 10 పీపీఎం కంటే తక్కువ ఉంటే సాధారణంగా లోపంగా పరిగణిస్తారు. అలాంటి నేలల్లో భాస్వరం ఎరువును ఎంచుకునేటప్పుడే గంధకం ఉన్నదాన్ని తీసుకోవడం అన్నిటికంటే చవకైన నివారణ.