బీడీ కార్మికులకు సొంతిల్లు: సోలాపూర్ కుంభారి లెక్క

సోలాపూర్ తూర్పు భాగం అంటే మన తెలుగువాళ్ల పేటలే. తరాల కిందట తెలంగాణ జిల్లాల నుంచి నేతపనికి వచ్చిన పద్మశాలి కుటుంబాల్లో మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు బీడీల మీద బతికారు. అద్దెకున్న ఇరుకు గదిలోనే వంట, నిద్ర, ఆకు కత్తిరించడం, బీడీ చుట్టడం. బీడీ పనిలో ఇల్లే కార్ఖానా. అందుకే ఈ ఆడవాళ్లు ఇల్లు అడిగారంటే పనిచేసుకునే చోటు కూడా అడిగినట్టే.

నగర శివారులోని కుంభారిలో దీనికొక దారి దొరికింది. మాజీ ఎమ్మెల్యే, కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం (మనవాళ్లకు ఆడం మాస్టర్) నాయకత్వంలో మహిళా బీడీ కార్మికులు గోదుతాయి పరుళేకర్ పేరుతో సహకార గృహనిర్మాణ సంఘం పెట్టుకున్నారు. వార్లీ ఆదివాసుల పోరాటంలో ముందు నిలిచిన గోదావరి పరుళేకరే ఈ గోదుతాయి. సంఘం కట్టించిన 10 వేల ఇళ్లను 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు.

లెక్క చాలా సాదాగా ఉండేది. ఇంటికి సుమారు 60 వేల రూపాయలు. అందులో కేంద్రం 20 వేలు, రాష్ట్రం 20 వేలు, కార్మికురాలు 20 వేలు. ఊరి నడుమ స్థలం కొని కట్టాలంటే ఈ డబ్బు పునాదికి కూడా చాలదు. శివారులో ఒక్కచోట పెద్ద ఎత్తున భూమి తీసుకుని, వేల ఇళ్లు ఒకేసారి కట్టడం వల్లే గిట్టింది. విడివిడిగా వెళ్లి అడిగితే ఏ ఆఫీసులోనూ పట్టించుకోని వాళ్లు పది వేల మంది సంఘంగా వెళ్లేసరికి మాట చెల్లింది. మా దృష్టిలో అసలు ఉపాయం ఇదే.

అదే దారిలో కుంభారిలోనే రేనగర్ వచ్చింది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద 30 వేల ఇళ్లకు 2019 జనవరిలో శంకుస్థాపన చేసిన ప్రధాని నరేంద్ర మోదీ, 2024 జనవరి 19న మొదటి 15 వేల ఇళ్లను అప్పగించారు. బీడీ కార్మికులతో పాటు మరమగ్గాల వాళ్లు, చిత్తుకాగితాలు ఏరేవాళ్లు, డ్రైవర్లు కూడా లబ్ధిదారులే. ఈ పథకంలో ఇంటికి కేంద్రం లక్షన్నర, రాష్ట్రం లక్ష ఇస్తాయి. మిగతాది కుటుంబమే భరించాలి, చాలామందికి అది బ్యాంకు అప్పే. 20 వేలు కూడబెట్టిన తల్లికీ, నెలనెలా కిస్తీ కట్టాల్సిన కూతురికీ తేడా ఇక్కడే.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. శివారు ఇల్లు బీడీ చుట్టే ఆమెకు కుదిరినంతగా సాంచె నడిపే ఆయనకు కుదరదు. ఆకు, తంబాకు గంపలో ఇంటికి వస్తాయి, సాంచె రాదు. రాత్రి పాళీ దిగాక బస్సు లేకపోతే, ఇంట్లో మిగిలిన అద్దె ఆటోకు పోతుంది. భివండీ పద్మనగర్‌లోని మన మరమగ్గం కార్మికులకు కుంభారిని ఉన్నదున్నట్టు దింపితే పనికిరాదు. వాళ్లకు పని దగ్గర తక్కువ అద్దె గదులే మేలు. 2024లో మొదలైన ఆవాస్ యోజన పట్టణ రెండో విడతలో ఇలాంటి అద్దె ఇళ్లకు ప్రత్యేక విభాగం ఉంది.

సంఘం పెట్టుకునే ఆలోచన ఉన్నవాళ్లు స్థలం ధర కంటే ముందు మూడు విషయాలు అడగండి: తాగునీరు ఎక్కడి నుంచి వస్తుంది, ఆఖరి బస్సు ఎన్నింటికి, బీడీ కంపెనీ అక్కడ ఆకు పంచే శాఖ తెరుస్తుందా. ఇంటి పట్టాలో ఆడమనిషి పేరు ఉందో లేదో కూడా చూసుకోండి. ఆవాస్ యోజన నియమమే అది.