పెరట్లో గొంగళిపురుగు

సీతాకోకచిలుకను చూసి ముచ్చటపడని వాళ్ళుండరు. గొంగళిపురుగును చూసి "అమ్మో!" అనని వాళ్ళూ ఉండరు. వసంతం రాగానే నిమ్మచెట్టు చిగురేస్తుంది, కరివేపాకు లేతాకులతో కళకళలాడుతుంది. నాలుగు రోజులు పోయి చూస్తే ఆకులన్నీ చిల్లులు! ఆ పురుగును పుల్లతో దులిపి పారేసి, "ఈ ఏడు మన పెరట్లో సీతాకోకచిలుకలే లేవేమిటో" అనుకుంటాం. ఆ రెండూ ఒకటేనని చిన్నప్పుడు చదువుకున్నదే. కాని ఆ పాఠం వెనక ఒక ఇల్లాలి శ్రమ ఎంతుందో చాలామందికి తెలియదు.

ఆవిడ పేరు మరియా సిబిల్లా మెరియన్. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1647లో పుట్టింది. పురుగులన్నీ బురదలోంచీ, కుళ్ళులోంచీ వాటంతటవే పుడతాయని పెద్ద పెద్ద పండితులే నమ్ముతున్న కాలం అది. అలాంటి రోజుల్లో 13 ఏళ్ళ ఈ పిల్ల పట్టుపురుగుల్ని పెంచి, రోజూ ఏం జరుగుతోందో చూడటం మొదలుపెట్టింది. పెళ్ళయి న్యూరెంబర్గ్ వెళ్ళాక కూడా ఆ అలవాటు మానలేదు. ఆడపిల్లలకి బొమ్మలు వేయడం, కుట్టుపని నేర్పేది. 1675లో ఆవిడ వేసిన మొదటి పువ్వుల పుస్తకం కుట్టుపనికి నమూనాలుగా పనికొచ్చిందట! ఇంటిపనీ, పిల్లల పనీ చూసుకుంటూనే తోటలో దొరికిన పురుగుల్ని డబ్బాల్లో పెట్టి, ఏ పురుగు ఏ ఆకు తింటుందో కనిపెట్టి, ఆ ఆకే తెచ్చి వేసేది.

1679లో గొంగళిపురుగుల పుస్తకం అచ్చయింది. అందులో 50 బొమ్మలు. గొంగళిపురుగు, గూడు, రెక్కల పురుగు, అది తినే మొక్క అన్నీ ఒకే బొమ్మలో కనిపిస్తాయి. ఇందులో వింతేముంది అంటారా? ఒక ప్రాణిని దాని జీవితంతో సహా, దాని తిండితో సహా చూపించడం అప్పటికి చాలా కొత్త.

ఆ తర్వాత కథ అంత సాఫీగా నడవలేదు. 1685లో భర్తను విడిచి, తల్లితో, ఇద్దరు కూతుళ్ళతో వేరే వెళ్ళిపోయింది. 1699లో, 52 ఏళ్ళ వయసులో, తన బొమ్మలమ్మిన డబ్బుతో చిన్నకూతుర్ని తీసుకుని దక్షిణ అమెరికాలోని సూరినాం ఓడెక్కింది. చెరుకు తోటల యజమానులు చక్కెర తప్ప వేరేదాని కోసం వెతికే మనిషిని చూసి నవ్వారట. ఆవిడ వాళ్ళ నవ్వును పట్టించుకోలేదు. అక్కడి బానిస స్త్రీల మాటలు మాత్రం శ్రద్ధగా విన్నది. మన పెరళ్ళలో పూసే రత్నగంధి ఉంది చూడండి, దాని గింజలతో వాళ్ళు గర్భం పోగొట్టుకునేవారట, బిడ్డలు కూడా బానిసలు కాకూడదని! ఆ సంగతి ఆ పువ్వు బొమ్మ పక్కనే రాసిపెట్టింది. జబ్బుచేసి 1701లో తిరిగొచ్చినా, 1705లో 60 బొమ్మలతో పుస్తకం తెచ్చింది. తర్వాతి కాలంలో లినేయస్ ఎన్నో ప్రాణులకు పేర్లు పెట్టేటప్పుడు ఆ బొమ్మల్నే ఆధారం చేసుకున్నాడు.

ఇదే కాలంలో ఇంగ్లండులో ఎలినార్ గ్లాన్‌విల్ అనే ఆవిడకూ సీతాకోకచిలుకల పిచ్చి ఉండేది. పిచ్చి అన్నది నా మాట కాదండోయ్! 1709లో ఆవిడ పోయాక, తల్లికి మతి స్థిమితం లేదు, వీలునామా చెల్లదని కొడుకే కోర్టుకెక్కాడు. మతి చెడ్డవాళ్ళు తప్ప సీతాకోకచిలుకల వెంట ఎవరు పడతారన్నది బంధువుల వాదన అని 1766లో మోజెస్ హారిస్ రాశాడు. దావా కొడుకే గెలిచాడు. ఆస్తి సంగతి నేడెవరికీ పట్టదు కాని, ఒక సీతాకోకచిలుక మాత్రం ఇప్పటికీ గ్లాన్‌విల్ పేరుతోనే ఎగురుతోంది.

ఆ రోజుల్లో వల వేసి పట్టి, సూది గుచ్చి పెట్టెలో దాచేవారు. ఆ సూది పని ఇప్పుడు కెమెరా చేస్తోంది. ఫిల్ము రోజుల్లో రీలుకి 36 బొమ్మలే కనక ఆచితూచి నొక్కాల్సి వచ్చేది. ఇప్పుడు చేతిలో ఫోనుంటే చాలు. పొద్దున్నే వెళ్ళండి. రెక్కలు విప్పి ఎండ కాగుతూ కూర్చుంటాయి. మీ నీడ వాటిమీద పడకుండా, మెల్లగా, వంగి దగ్గరికెళితే బెదరవు.

అయితే పువ్వుమీద వాలిన అందాన్ని మాత్రమే తీసి ఊరుకోకండి. నిమ్మాకుమీద పిట్టరెట్టలా కనిపించేది చిన్న గొంగళిపురుగే కావచ్చు. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. తాకితే తలమీంచి రెండు కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటైన వాసన కొడుతుంది. గన్నేరాకు కింద వెండిలా మెరుస్తూ వేలాడేది నగ కాదు, గూడు! జిల్లేడాకు తినే చారల పురుగు నారింజరంగు రెక్కలతో లేస్తుంది. వీటన్నిటినీ వరసగా తీసి పెడితే, మెరియన్ ఒక్క కాగితంమీద చూపించిన జీవితమే మీ ఆల్బంలో కనిపిస్తుంది.

నాలుగు కరివేపాకు రెబ్బలు పోతే పోనివ్వండి. పోపులోకి పక్కింటి పిన్నిగారు ఇవ్వకపోరు. సీతాకోకచిలుకను మాత్రం ఎవరూ అప్పివ్వలేరు కదా!