విన్నది తెలుగులో, రాసేది ఇంగ్లిష్‌లో: వరంగల్ నర్సుల ఆంగ్ల శిక్షణపై ఒక పరిశీలన

ఉద్యోగంలో ఉన్న పెద్దవాళ్లకు ఇంగ్లిష్ నేర్పడమంటే మాట్లాడించడమేనన్న నమ్మకం మన ఆంగ్ల శాఖల్లో బాగా పాతుకుపోయింది. ఆసుపత్రిలో నర్సులకు పెట్టే తరగతుల్లోనూ స్వీయ పరిచయాలు, గ్రూప్ డిస్కషన్లే నడుస్తాయి. వరంగల్ వార్డుల్లో కాసేపు కూర్చున్నవాళ్లకు ఇది మింగుడుపడదు. నర్సు రోగితో మాట్లాడేది తెలుగు, అవసరమైతే ఉర్దూ. డ్యూటీ డాక్టరుతో తెలుగే, కాకపోతే ఇంగ్లిష్ మాటలు ఎక్కువ. షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ కూడా అంతే. రాసేది మాత్రం మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఇంగ్లిష్. ఆ చెవికీ ఆ కలానికీ మధ్య జరిగే పనే నేర్పవలసిన పాఠమని ఈ వ్యాసం వాదన.

ఎవరికి ఏ ఇంగ్లిష్ నేర్పాలో తేల్చే అవసరాల విశ్లేషణ అనగానే అందరూ జాన్ మన్‌బీ 1978 నాటి సిలబస్ రూపకల్పన గ్రంథం దగ్గరికే వెళతారు. 1987లో హచిన్సన్, వాటర్స్ అభ్యాసకుడి కోరికలనూ లెక్కలోకి తెచ్చి కొంత సరిదిద్దారు గానీ పునాదిని కదపలేదు. నా తగాదా ఆ పునాదితోనే. మన్‌బీ పాల్గొనేవారిని, స్థలాన్ని, మాధ్యమాన్ని, చివరికి మాట తీరును కూడా గడులు గీసి అడుగుతాడు. ఇంత సూక్ష్మంగా వెళ్లినవాడు, ఒక భాషలో విన్నది ఇంకో భాషలోకి ఎలా చేరుతుందో అడిగే గడి మాత్రం పెట్టలేదు. ఆయన తీసుకున్న ఉదాహరణల్లో ఒకటి స్పెయిన్‌లోని హెడ్ వెయిటర్. అతిథి ఇంగ్లిష్‌లో అడుగుతాడు, వెయిటర్ ఇంగ్లిష్‌లో బదులిస్తాడు. ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి ఊళ్ల నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చే రోగి అలాంటి అతిథి కాడు. ఆ నమూనాను మన ఆసుపత్రులకు యథాతథంగా దించుకున్న పరిశోధకులు నర్సు పనిలో సగాన్ని చూడకుండానే సిలబస్ రాశారు.

నగరంలోని ఒక ఆసుపత్రి సర్జికల్ వార్డులో విన్న మాటలివి. కడుపునొప్పితో చేరిన కుర్రాడి తల్లి సిస్టర్‌కు చెబుతోంది: "నిన్న మాపటీలి బువ్వ తిన్నంక కడుపునొప్పి లేశింది మేడం. రాత్రి జర తక్కువైంది. తెల్లారగట్ల మల్ల ఎక్కువైంది, గప్పుడు వాంతి జేసుకున్నడు." సిస్టర్ శ్రద్ధగా విన్నది, రెండు ప్రశ్నలు కూడా వేసింది. కేస్ షీట్‌లో చేరింది మాత్రం ఇంతే: "సి/ఓ పెయిన్ అబ్డామెన్, వామిటింగ్. డాక్టర్ ఇన్ఫార్మ్‌డ్." పదాల్లో తప్పులేదు, స్పెల్లింగ్ సరిగానే ఉంది. పోయింది వరుస. నొప్పి ముందా, వాంతి ముందా అన్నది అపెండిసైటిస్ అనుమానం ఉన్నప్పుడు సర్జన్ తప్పక అడిగే ప్రశ్న. సాధారణంగా అందులో నొప్పి ముందు వస్తుంది. తల్లి ఆ జవాబు చెప్పింది, నర్సు విన్నది, కాగితం మీదికి అది రాలేదు.

ఆ నర్సుకు వైద్యం తెలియక కాదు. జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు పాఠాలన్నీ ఆమె ఇంగ్లిష్‌లోనే చదివి పాసైంది. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు వ్యాధుల పేర్లు, మందుల పేర్లు ఆ కోర్సులో పట్టుబడతాయి. ఒకదాని తర్వాత ఒకటి జరిగిన సంగతిని వాక్యంగా రాయడం పట్టుబడదు. "తిన్నంక", "లేవంగనే", "అప్పటిసంది" అని నోటితో ఒక్క మాటలో తేలిపోయే కాలసంబంధానికి ఇంగ్లిష్‌లో ఆఫ్టర్, సిన్స్, అంటిల్ కావాలి, వాటికి తగ్గ క్రియారూపాలూ కావాలి. అక్కడ చేయి ఆగి, తెలిసిన పొడి అక్షరాలు రెండు రాసి ముందుకు పోతుంది.

విదేశాలకు వెళ్లే ఆరోగ్య సిబ్బంది రాసే ఓఈటీ పరీక్ష చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. రైటింగ్ విభాగంలో కేస్ నోట్స్ ఇచ్చి, 45 నిమిషాల్లో ఉత్తరం రాయమంటారు. ముక్కల నుంచి కథనం అల్లగలరా అన్నదే అక్కడి పరీక్ష. అయితే ఆ ముక్కలు ఇంగ్లిష్‌లోనే చేతికొస్తాయి, మన నర్సు ఆ ముక్కలను ముందు తెలుగులో తానే ఏరుకోవాలి. ఆమె పని పరీక్ష కన్నా కష్టమైనది. ఓఈటీలో స్పీకింగ్ విభాగం కూడా ఉందన్నది నిజమే, దానికి వేరే తరగతి పెట్టుకోవచ్చు.

ఇది ఆసుపత్రితో ఆగే విషయం కాదు. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మాధ్యమం వచ్చింది. పిల్లలు తెలుగులో అడిగే సందేహాన్ని ఇంగ్లిష్ పాఠంలోకి మలచవలసిన టీచరుదీ, రైతు చెప్పుకున్న బాధను రుణ దరఖాస్తు రిమార్కులో రాయవలసిన బ్యాంకు ఉద్యోగిదీ ఇదే చిక్కు. తెలుగు నేల మీద ఏ ఉద్యోగి ఇంగ్లిష్ అవసరమైనా ఈ దారి దాటకుండా తీరదు.

కాబట్టి తరగతి నర్సింగ్ స్టేషన్‌లోనే జరగాలి, డ్యూటీ దిగేముందు ఇరవై నిమిషాలు చాలు. పేర్లు తీసేసి రోగి మాటలను తెలుగులోనే వినిపించాలి, నాలుగు వాక్యాల ఇంగ్లిష్ రాయించాలి. దిద్దేటప్పుడు ఆంగ్ల అధ్యాపకుడి పక్కన వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్ కూర్చోవాలి. ఏ వరుస తప్పితే రోగికి ప్రమాదమో ఆమెకు తెలుసు, అధ్యాపకుడికి తెలియదు.